రెండు చేతుల నమస్కారం

మా అమ్మాయి వేదవతి మోటారుసైకిలు మీంచి పడిపోయిందని ఆ సాయంత్రానికల్లా తార్నాకాలో చెప్పుకున్నారు. లారీని గుద్దిందని ఒకరు, గేదె అడ్డం వచ్చిందని ఒకరు. ఏదీ నిజం కాదు. బండి నిలబడి ఉంది. నిలబడి ఉన్న బండి పడింది. దాని మీద అప్పుడు ఇద్దరం ఉన్నాం, రెండోవాణ్ణి నేను. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ జావా బండి కొన్నది నేనే. మా ఆవిడ పోయిన మరుసటి ఏడాది, యూనివర్సిటీ లైబ్రరీలో నాతో పనిచేసిన ఒకాయన వరంగల్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోతూ దాన్ని నాకు అంటగట్టాడు. నేర్చుకోవలసిందీ నేనే. కాంపస్ రోడ్లు ఖాళీగా ఉండే ఆదివారం పొద్దుటిపూటల్లో ప్రయత్నించి, క్లచ్చి అనేది నా వంటివాడి కోసం పుట్టలేదని తేల్చుకున్నాను. నేను పడకుండా వెనక సీటు పట్టుకుని పరిగెత్తిన వేదవతి, పరిగెత్తి పరిగెత్తి విసిగి, ఒకనాడు "దిగండి నాన్నా, నేను చూస్తాను" అంది. ఆ తర్వాత నేను ముందు సీటు ఎక్కలేదు.

చీరతో బండి ఎలా అన్న సమస్యను మేం అద్దెకున్న ఇంటివాళ్లావిడ కాశమ్మ తీర్చింది.

"గోచి వెట్టి కట్టుకో బిడ్డా. గోచి చీరతోని మేం నాట్లేస్తలేమా, గుట్టలెక్కుతలేమా? గీ ఇనుప గుర్రమెంత!" అని తనే దగ్గరుండి కట్టి చూపించింది.

గుంటూరు నుంచి వచ్చిన మా బంధువులు ఆ గోచినీ, ఆ బండినీ చూసి, "పెళ్లి కావలసిన పిల్ల..." అని మొదలుపెట్టారు. నేను కాఫీ ఇచ్చి మాట మార్చాను. పోట్లాడటం నాకు చేతకాదు. మాట మార్చడం బాగా వచ్చు.

ఎమ్మెస్సీ పూర్తయ్యాక వేదవతికి రసాయన శాఖలో ఒక పని దొరికే అవకాశం వచ్చింది. లాలాపేట్, మౌలాలీ, మల్కాజ్‌గిరి, ఆ చుట్టుపక్కల ఉన్న బావుల నీళ్లు తెచ్చి పరీక్షించాలి. వానలు పడకముందే తేవాలి. శాఖాధిపతి అచ్యుతరామయ్యగారు ఆడపిల్లను బావుల వెంట తిప్పడానికి మొదట ఒప్పుకోలేదు. లాబ్‌లో కూర్చుని పరీక్షలు చేస్తే చాలు, తిరిగే పని మగపిల్లలెవరైనా చూస్తారన్నారు.

"ఎవరో తెచ్చిన నీళ్లను నమ్మి నేనేం రాయను సార్?" అందిట వేదవతి. "బావి పక్కన పశువుల కొట్టం ఉందో, తోళ్లు నానబెట్టే గుంత ఉందో చూసినవాళ్లకే తెలుస్తుంది. నాకు బండి ఉంది. నేను వెళతాను."

బస్సులు పోని చోట్లు అవి. ఆ శాఖలో బండి ఉన్న విద్యార్థి ఇంకెవరూ లేరు. ఆ ఒక్క కారణం మీద ఆయన సరేనన్నారు. అది కూడా, "మొదటి రోజు చూస్తాను, తర్వాత చెబుతాను" అన్న షరతు మీద.

ఆ మొదటి రోజు, అరవై ఏడు మే నెలలో ఒక సోమవారం. శాఖ దగ్గర నన్ను దింపి, ఖాళీ సీసాల పెట్టె తీసుకుని వేదవతి బావుల మీదికి, నేను నడిచి లైబ్రరీకి పోవాలి. తార్నాకాలో ఎద్దుబళ్లను తప్పించుకుని, బస్సు వదిలే పొగలోంచి బయటపడి, కాంపస్ చెట్ల నీడలోకి వచ్చేసరికి ఆమె భుజాలు కాస్త వదులయ్యాయి. చిన్నగా ఏదో పాట కూడా కూనిరాగం తీసింది. చాలా నెలల తర్వాత ఆమె పాట విన్నాను. టిఫిన్ కారియర్ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్న నేను దగ్గకుండా జాగ్రత్తపడ్డాను.

శాఖ ముందు పోర్టికో దగ్గర నేల కొంచెం వాలుగా ఉంటుంది. వేదవతి అక్కడ బ్రేకు పట్టి బండి ఆపింది. ఆమె పాదాలు నేలకు పూర్తిగా ఆనవు, మునివేళ్లు ఆనుతాయి. చేతులు హేండిల్ మీద ఉన్నంతసేపు దానివల్ల ఇబ్బందేమీ లేదు. సరిగ్గా అప్పుడే అచ్యుతరామయ్యగారు మెట్లు దిగుతూ ఎదురయ్యారు. వెనక నలుగురైదుగురు విద్యార్థులు.

గురువు ఎదురైతే ఒంటి చేత్తో నమస్కారం పెట్టడం మా ఇంటావంటా లేదు. వేదవతి హేండిల్ వదిలేసి, రెండు చేతులూ జోడించి, తల వంచి నమస్కారం పెట్టింది. వెనక ఉన్న నేనూ, పెద్దమనిషి కదా అని, రెండు చేతులూ జోడించాను.

బండిని పట్టుకున్నవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

అది వెంటనే పడలేదు. వెనక్కి ఒక జానెడు జారింది. ముందు చక్రం పక్కకు తిరిగింది. తర్వాత, తీరుబడిగా, ఎడమవైపు ఒరిగింది. అచ్యుతరామయ్యగారు మా నమస్కారానికి జవాబుగా చెయ్యి పైకెత్తారు. ఆయన చెయ్యి పైకి లేస్తూ ఉంది, మేము కిందికి పోతూ ఉన్నాం. నేల మీద పడేటప్పటికి కూడా నా చేతులు జోడించే ఉన్నాయి.

తోటమాలి అప్పుడే మెట్టతామర మడికి నీళ్లు పట్టి ఉండటం మా అదృష్టం. నేను రాతి అంచు మీద కాక బురదలో పడ్డాను. లెగ్‌గార్డు ఉండబట్టి వేదవతి కాలు బండి కింద నలగలేదు, గెంతి పక్కన నిలబడింది. కారియర్ దొర్లిపోయినా మూత ఊడలేదు. నా కళ్లద్దాలు ఎవరో కుర్రాడు తీసి, తన చొక్కాకు తుడిచి ఇచ్చాడు. ఇస్తూ నవ్వుతూనే ఉన్నాడు. నవ్వితే నవ్వాడు, తుడిచి ఇచ్చాడు కదా.

"అరె భాయ్, బండి గూడ సార్‌కు సాష్టాంగం పెట్టింది!" అన్నాడు ఇంకొకడు.

"పండుకోనియ్యిండ్రి. తార్నాకా నుంచి ఇద్దర్ని మోసుకొచ్చింది పాపం."

"మేడం, జోల పాడున్రి!"

అటెండర్ సామేలు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. "జరగున్రి, జరగున్రి! ఏం తమాషా ఉన్నదని నవ్వుతున్రు? వేదమ్మా, నువ్వు పక్కకుండు. నేను లేపుత."

"వద్దు సామేలూ. నేను లేపుకుంటాను" అంది వేదవతి.

వంగి, హేండిల్ రెండు చేతులతో పట్టుకుని లాగింది. బండి కొంచెం లేచింది, మళ్లీ కూలబడింది. ఈసారి నవ్వు మేడ మీది కిటికీల్లోంచి కూడా వినపడింది. వేదవతి చెవులు ఎర్రబడ్డాయి.

అచ్యుతరామయ్యగారు మాత్రం నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు. నా మోచేతి బురద తన రుమాలుతో స్వయంగా తుడిచారు. తుడుస్తూనే అన్నారు:

"నేను భయపడింది ఇదే కొండలరావు గారూ. ఇక్కడంటే మనమంతా ఉన్నాం. మౌలాలీ గుట్ట వెనక ఏ బావి దగ్గరో పడితే? ఎవరు లేపుతారు? అమ్మాయ్, చేసిన కాడికి చాలు. నువ్వు లాబ్‌లో కూర్చో. తిరిగే పని బుచ్చిరాములు చూస్తాడు."

నా కళ్లద్దాలు తుడిచిచ్చిన కుర్రాడి నవ్వు ఆగిపోయింది. "నేనా సార్? నాకు సైకిల్ గూడ లేదు."

"అద్దెకు తీసుకో."

వేదవతి నడుం నిటారుగా పెట్టి ఆయన వైపు తిరిగింది. "మీరు అడిగింది సరైన ప్రశ్నే సార్. ఎవరు లేపుతారో చూసి వెళ్లండి."

సామేలు మళ్లీ ముందుకొచ్చాడు. ఇద్దరు విద్యార్థులు కూడా చేతులు చాచారు. నేనూ ఒక అడుగు వేశాను.

"ఎవరూ ముట్టుకోవద్దు" అంది వేదవతి. నా వైపు చూసి, గొంతు తగ్గించి, "మీరు కూడా నాన్నా" అంది.

ఇంజను పడ్డప్పుడే ఆగిపోయింది; పెట్రోలు కారుతూ ఉంటే ట్యాంకు కింది కాక్ తిప్పి మూసింది. గోచి బిగించింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత దానికి వీపు పెట్టి, గొంతుక్కూర్చుని, సీటు అంచుకు నడుం కింది భాగం ఆనించింది. ఒక చెయ్యి హేండిల్‌కు, ఇంకొక చెయ్యి సీటు కింది కడ్డీకి.

ఆ కూర్చోవడం నాకు తెలుసు. మా ఆవిడ చివరి నెలల్లో మంచం మీంచి తనంతట తాను లేవలేకపోయేది. నేను ఎదురుగా నిలబడి చంకల కింద చేతులు వేసి లాగేవాణ్ణి. ఆవిడకు నొప్పి, నాకు నడుం పట్టు. వేదవతి అలా చేసేది కాదు. తల్లికి వీపు ఇచ్చి మంచం అంచున కూర్చుని, ఆ చేతులు తన భుజాల మీద వేసుకుని, మెల్లగా లేచేది. "మోకాళ్లతో లేవాలి నాన్నా, చేతులతో కాదు" అనేది. ఆ లేవడంలో తల్లికి ఒక్కనాడూ నొప్పి పుట్టలేదు.

నేను ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను.

వేదవతి మడమలు నేలలోకి గుచ్చి నెట్టింది. మొదట ఏమీ కాలేదు. తర్వాత సీటు ఆమె వీపుతో పాటు లేచింది. ఒక చిన్న అడుగు వెనక్కి. ఇంకొకటి. మెడ నరాలు ఉబ్బాయి. సగం లేచిన చోట బండి ఆగిపోయింది, ఆమే ఆగిపోయింది. ఎవరూ నవ్వడం లేదు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని బుచ్చిరాములు తనకు తెలియకుండానే గొణిగాడు. ఇంకొక అడుగు వేసేసరికి బండి నిలువుగా లేచి, అవతలి వైపుకు తూలబోయింది. "అరెరె!" అన్నారందరూ. వేదవతి చటుక్కున తిరిగి బ్రేకు పట్టి తుంటితో ఆపింది. స్టాండు వేసింది.

"యేసయ్యా! గది బండి గాదు, బర్రె!" అన్నాడు సామేలు.

ఎవరో చప్పట్లు కొట్టారు. వేదవతి అటు చూడలేదు. అచ్యుతరామయ్యగారి వైపే చూస్తోంది.

"సరే, లేపావు. నేను కాదనను" అన్నారాయన. "కానీ నిలబడ్డ బండినే పడేశావు. నడిచే బండి సంగతి నేనెలా నమ్మను? రేపు ఏదైనా అయితే మాట నాకొస్తుంది. మీరైనా చెప్పండి కొండలరావు గారూ. తండ్రి కదా."

అందరూ నా వైపు తిరిగారు. ఇంట్లో అయితే కాఫీ పెట్టేవాణ్ణి. ఇక్కడ ఒంటినిండా బురదతో నిలబడి ఉన్నాను, మార్చడానికి ఏ మాటా దొరకలేదు. దొరికినా మార్చేవాణ్ణి కానేమో.

"అది పడింది బండి నడపడం రాక కాదండీ" అన్నాను. "మీకు నమస్కారం పెట్టడం వచ్చి. తార్నాకాలో లారీలు, ఎద్దుబళ్లు, బస్సులు, అన్నిటి మధ్యనుంచీ నన్ను పువ్వులా తీసుకొచ్చింది. ఎక్కడా పడలేదు. మీరు కనపడ్డాకే పడింది."

"అంటే తప్పు నాదంటారా?"

"తప్పు ఎవరిదని కాదు. బావులకు నమస్కారం పెట్టక్కర్లేదు కదా అంటున్నాను."

విద్యార్థుల్లో ఒకడు ఫక్కుమన్నాడు. అచ్యుతరామయ్యగారు అటు ఒక చూపు చూసేసరికి నోరు మూసుకున్నాడు.  అన్న మాట వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించలేదు.

"అయితే అమ్మాయ్, ఇకమీద నేను ఎదురైనా నమస్కారం పెట్టవన్నమాట."

"బండి దిగాక పెడతాను సార్. ఎక్కి ఉన్నప్పుడు పెట్టను. మీరు ఎదురైనా అంతే, వైస్‌ఛాన్సలర్‌గారు ఎదురైనా అంతే."

"చూసినవాళ్లు పొగరంటారు."

"అననివ్వండి సార్."

ఆయన కాసేపు మెట్టతామర మడి వైపు చూశారు. నేను పడ్డ చోట నా ఆకారం ఇంకా అచ్చుగా ఉంది. "పోనీ, సామేలును వెనక కూర్చోబెట్టుకుని వెళ్లు. మగతోడు ఉంటుంది" అన్నారు చివరికి.

"నేనా?" సామేలు రెండడుగులు వెనక్కి వేశాడు. "సార్, నాకు ఇంట్ల ఇద్దరు బిడ్డలున్నరు సార్."

ఈసారి అందరితో పాటు వేదవతి కూడా నవ్వింది. "నీకు తోడుగా ఎవరు రావాలి సామేలూ? సార్, ఈయన కూర్చుంటే సీసాలెక్కడ పెట్టను?"

జవాబు కోసం ఆగలేదు. లోపలికి వెళ్లి సీసాల పెట్టె ఎత్తుకొచ్చింది. వెనక సీటు మీద, నేను కూర్చునే చోట పెట్టి, తాడుతో అటూ ఇటూ బిగించి కట్టింది. బుచ్చిరాములు తాడు కొస పట్టుకున్నాడు. దానికి వద్దనలేదు. అచ్యుతరామయ్యగారు ఔననలేదు, కాదనలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు.

బండి అంత తేలిగ్గా స్టార్టు కాలేదు. కింద పడి ఉన్నప్పుడు ఇంజనులోకి పెట్రోలు ఎక్కువ పోయినట్టుంది. వేదవతి కాక్ తెరిచి కిక్ కొట్టింది. మళ్లీ కొట్టింది. చెమట చెంపల మీదుగా గడ్డం దాకా వచ్చింది.  నా పక్కన సామేలు కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. ఆఖరికి నల్లటి పొగ ఒకసారి కక్కి, బండి మోగింది.

అచ్యుతరామయ్యగారు ఒక మెట్టు కిందికి దిగారు.

"ఎప్పటికి వస్తావు?" అని ఆ మోతలోనే గట్టిగా అడిగారు.

"నీళ్లు దొరికాక సార్!" అంది వేదవతి.

హేండిల్ మీంచి ఒక్క వేలు కూడా తియ్యలేదు. తల కూడా వంచలేదు. ముందున్న దారి చూసుకుంటూ, వాలు దిగి, మలుపు తిరిగి వెళ్లిపోయింది. సీసాల గలగల చెట్ల వెనక నుంచి కొంతసేపు వినపడింది.

అది వినపడకుండా పోయాక ఆయన సామేలు వైపు తిరిగారు. "కిటికీ పక్క బల్ల ఖాళీ చెయ్యి. సాయంత్రం సీసాలు పెట్టుకోవాలి."

"ఏ కిటికీ సార్? మీ గది కిటికీయా?"

"అదే" అన్నారు విసుగ్గా. తర్వాత నన్ను చూసి, పైనుంచి కింది దాకా చూసి, "మీరు రండి. కాళ్లు కడుక్కుందురు గాని" అన్నారు.