పెద్దాయన తల

మా ఊరిని ఏలే పెద్దాయన రాటు అపకుకి గారి తల మాకు పవిత్రం; దాన్ని ఆయన కట్టుకున్న భార్య కూడా తాకకూడదు. ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయన సువా పెద్దాసుపత్రిలో వెంటిలేటర్ మీదున్నారు. రోజూ ఆయన్ని బోర్లా తిప్పేటప్పుడు గొట్టం ఊడకుండా తల పట్టుకునే నర్సుని నేనే. "తప్పు కాయండి దొరా" అంటూ, మా ఆచారం ప్రకారం ముందు ఆయన్నే మన్నింపు అడిగి పట్టుకునేదాన్ని.

"మత్తులో ఉన్నాయనకి ఏం వినపడుద్దే, తిప్పు!" అని కసిరేది తోటి నర్సు వాసితి.

"నా నోరు, నా ఊరు. నువ్వు నడుం పట్టు."

ఆరో రోజు ఆయన బోర్లా ఉండగానే పోయారు. వెల్లకిలా తిప్పి, భార్య లితియాని పిలిచాం.

"ఆ తల ఎట్టా ఉండేదమ్మా?" అని అడిగింది.

"వెచ్చగా ఉండేదవ్వా. ముట్టుకోండి."

ఆమె చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. "తప్పు కాయమని ఇప్పుడెవర్ని అడగను తల్లీ?"