బండికి నీళ్ళు పోసే మనిషి

ఇంట్లో అందరికీ కాఫీలు అందాక మా కోడలు చెంబు పుచ్చుకుని బండి దగ్గరికి వెళ్ళేది. బానెట్ ఎత్తి, రేడియేటరు మూత తిప్పి, తగ్గినన్ని నీళ్ళు పోసి, ఆయిల్ పుల్ల లాగి గుడ్డకి తుడిచి మళ్ళీ ముంచి చూసి, టైర్లు నొక్కి, అద్దాలు తుడిచి లోపలికి వచ్చేది. ఆ తర్వాత మా అబ్బాయి స్నానం చేసి, సెంటు కొట్టుకుని, తాళంచెవి వేలికి తగిలించి గిరగిరా తిప్పుకుంటూ వెళ్ళి ఆ బండెక్కి ఆఫీసుకి పోయేవాడు. కోడలు సంచీ భుజాన వేసుకుని బస్సు కోసం నడిచేది. ఆ బండి కొన్నది ఆవిడ సంపాదనతో.

చూసేవాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు. నాకేం వింత కాదు. వండేది ఒకరు, కంచం ముందు కూర్చునేది ఇంకొకరు. బండి కూడా గుమ్మం ముందు పెట్టుకున్న ఇంకో వంటిల్లే కదా. మా ఆయన స్కూటరు నేను ఎన్నేళ్ళు తుడిచానో లెక్కలేదు, ఎక్కింది మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "నువ్వెక్కితే వెనక టైరు అరిగిపోతుందే" అనేవారు నవ్వుతూ. ఆయన కోపంగా అన్న మాటలు కోపంతోపాటే పోయాయి. నవ్వుతూ అన్నవే ఒక్కటీ పోలేదు.

బండి కొనడానికి వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఎవరో వాడి అమ్మేస్తున్న కారు. చిన్న బండి, పెద్ద తిరుగుడు. మీటరులో అంకెలు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోయాయి. కొనేది కోడలైనా అమ్మేవాడు మాట్లాడింది మా అబ్బాయితోనే. మా అబ్బాయి చుట్టూ తిరిగి నాలుగు చక్రాల్నీ కాలితో తన్నాడు. తంతే టైరు ఏం చెబుతుందో వాడికే తెలియాలి. కోడలు నేలమీద వెల్లకిలా పడుకుని, ఫోను లైటు వేసి, అడుగుభాగం చూసింది. లేచి దుమ్ము దులుపుకుంటుంటే అమ్మేవాడు ముసిముసిగా నవ్వి, "మేడంగారికి అనుమానం జాస్తి" అన్నాడు. "అవునండీ, కూరగాయలు కూడా ఇలాగే కొంటుంది" అన్నాడు మా అబ్బాయి. ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు.

ఆవిడ ఆ బండి షికార్లకి కొనలేదు. మా కోడలు రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది. వాళ్ళు ఊరి అవతల కొత్తగా ఇంకో ల్యాబు తెరుస్తూ, దాన్ని నడిపే బాధ్యత ఈవిడకే ఇస్తామన్నారు. పరగడుపున పరీక్షలకొచ్చేవాళ్ళు ఉంటారు కాబట్టి తెల్లారేసరికల్లా తలుపులు తెరిచి ఉండాలి. ఆ వేళకి అటువైపు బస్సు లేదు. అందుకని డ్రైవింగు నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, బండి కొంది. కొన్న సాయంత్రమే మా అబ్బాయి తాళాలు జేబులో వేసుకున్నాడు. "కొన్నాళ్ళు నా చేతిలో ఉండనీ. దాని గుణం తెలుసుకుని నీకిస్తా" అన్నాడు. గుణం తెలుసుకుంటూనే ఉన్నాడు, నెలలు గడిచిపోయాయి. కొత్త ల్యాబు తెరిచే రోజు దగ్గరికొచ్చింది. సోమవారం ఆవిడ వెళ్ళి చేరాలి. చేరకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

బండి ఇమ్మని అడిగితే, "చీకట్లో దారి మధ్యలో ఆగిపోతే ఎవడొస్తాడు? పాత బండి, దాన్ని నమ్మలేం" అనేవాడు. నీళ్ళు ఎందుకు తగ్గుతున్నాయో అని ఆవిడే ఒక సెలవురోజు మెకానిక్కుకి చూపించుకొచ్చి, రేడియేటరు మార్చాలట అని చెబితే, "వాడి మొహం. బండికేం, గుర్రంలా ఉంది" అన్నాడు. రెండు మాటలూ నేను ఒకే వారంలో విన్నాను. భార్యకి ఇవ్వాలంటే అది పాడు బండి, బాగు చేయించాలంటే మంచి బండి.

రేడియేటరు మార్చడానికి బదులు వాడు ఒక చిట్కా పట్టుకొచ్చాడు. ఇంజను వేడెక్కుతుంటే హీటరు పూర్తిగా తిప్పాలట. అప్పుడు అక్కడి వేడి లోపల కూర్చున్నవాళ్ళ మీదికి వచ్చేసి ఇంజను చల్లబడుతుందట. నిజంగానే చల్లబడేది. నిప్పులు చెరిగే ఎండల్లో, కిటికీలు దించుకుని, కాళ్ళ మీద పొయ్యి ముందర కూర్చున్నంత సెగతో మేం ప్రయాణం చేసేవాళ్ళం. "కాస్త ఓర్చుకోమ్మా, ఇంజను పోతే మార్చలేం" అనేవాడు. మమ్మల్నైతే మార్చుకోవచ్చు కాబోలు.

ఆ శనివారం మా ఆయన్ని ఇంట్లో వదిలి, నన్ను కంటి డాక్టరుకి చూపించి తీసుకొస్తున్నారు. వాడు నడుపుతున్నాడు, కోడలు పక్కన, నేను వెనక. హీటరు గాలికి ముగ్గురం ఉడుకుతున్నాం. అంతలో వాడి ఫోను మోగింది. వాళ్ళ పెద్దసారు. స్టేషనుకి వెళ్ళాలట, రావలసిన టాక్సీ రాలేదట. "అయ్యో సార్, నేను దగ్గర్లోనే ఉన్నాను" అన్నాడు మా అబ్బాయి. దగ్గర్లో ఏమీ లేం. బండి వెనక్కి తిప్పాడు.

సారు వీధి మొదట్లో పెట్టెతో నిలబడి ఉన్నారు. కోడలు ముందు సీటు ఖాళీ చేసి నా పక్కకి వచ్చింది. సారు ఎక్కీ ఎక్కగానే మా అబ్బాయి హీటరు కట్టేసి, అద్దాలెక్కించి, ఏసీ వేశాడు. ఆ బండికి ఏసీ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

చల్లగా ఉంది, కాదనను. కాని నా పక్కనున్న మనిషి బిగుసుకుపోయింది. రెండు ముందు సీట్ల మధ్యనుంచి తొంగి చూస్తోంది. స్టీరింగు వెనక ఒక చిన్న ముల్లు ఉంటుంది, ఇంజను వేడి చూపించేది. అది లేస్తోంది. "ఏమండీ, ముల్లు పైకొస్తోంది" అంది మెల్లగా. వాడు వినిపించుకోలేదు. సారుకి ఏదో ఆఫీసు సంగతి చెబుతున్నాడు. కాసేపాగి మళ్ళీ అంది. "మా ఆవిడకి బండంటే కొంచెం భయం సార్" అన్నాడు. "మా ఇంట్లోనూ అంతేనయ్యా. ఆడవాళ్ళు వెనక సీట్లో కూర్చుని బ్రేకు తొక్కుతుంటారు" అన్నారు సారు. నవ్వుకున్నారు. బండి వంతెన ఎక్కుతోంది. లోపలికి కాలిన ఇనుము వాసన వచ్చింది. "ఆ ఏసీ కట్టెయ్యండి, ఇంజను పోతుంది" అంది కోడలు, ఈసారి గట్టిగా. వాడు వెనక్కి తిరగలేదు. అద్దంలోంచి చూసి, "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ మాట ఎంత మెత్తగా అన్నా దానికి అర్థం ఒకటే. దాన్ని ఆడవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. నా మోకాలి పక్కన సీటుగుడ్డని ఆవిడ గోళ్ళు పట్టుకుని ఉండటం చూశాను.

వంతెన నడినెత్తిన బానెట్ అంచుల్లోంచి తెల్లగా పొగ లేచింది. పొగ కాదు, ఆవిరి. బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. అందరం దిగాం. వెనకనుంచి లారీలు హారన్లు కొడుతున్నాయి. వాడు బానెట్ ఎత్తి మొహం పక్కకి తిప్పుకున్నాడు. లోపల నీళ్ళు కుతకుతమంటున్న చప్పుడు నా దాకా వినిపిస్తోంది. సారు గడియారం చూసుకున్నారు.

"నీళ్ళు పోస్తే కదులుతుంది సార్, ఒక్క నిమిషం" అన్నాడు మా అబ్బాయి. కోడలి వైపు తిరిగి, "రోజూ పోసేది నువ్వేగా. మూత తియ్యి" అన్నాడు.

"ఇప్పుడు తియ్యకూడదండీ. చల్లారాలి. ఇప్పుడు తీస్తే మరుగునీళ్ళు మొహాన కొడతాయి."

"సారుకి రైలు పోతుంది."

"పోయినా సరే, నేను తియ్యను."

పరాయి మనిషి ముందు భార్య తియ్యనంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పటినుంచీ అంతే, పరువు పోతే ముందు చెవులకి తెలుస్తుంది వాడికి. మూత దగ్గరికి తనే చెయ్యి తీసుకెళ్ళాడు, సెగ తగలగానే లాక్కున్నాడు. అప్పుడు నా వైపు చూశాడు. వాడి మొహం తేటపడింది.

"అమ్మా, నువ్వు తియ్యి. నీ చేతులకి కాలదుగా" అన్నాడు. సారుకి గొప్పగా చెప్పాడు కూడా. "మా అమ్మ పొయ్యి మీద గిన్నెలు ఉత్తచేతులతో దింపేస్తుంది సార్."

నేను కదిలాను. అదీ విచిత్రం. పిలిస్తే పలికే అలవాటు కాళ్ళకి ఉంటుంది, బుర్రకి కబురందేలోపే బయల్దేరతాయి. బానెట్ దాకా వెళ్ళి చెయ్యి చాచాను కూడా. కోడలు నా మణికట్టు పట్టుకుంది. "అత్తయ్యా, వద్దు" అంది. "అమ్మకి అలవాటేలే, వదులు" అన్నాడు వాడు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో నాకు ఆ వంతెన మీద, ఆ హారన్ల మధ్య గుర్తొచ్చింది. కాపురానికొచ్చిన కొత్త. పాలు పొంగుతున్నాయి. మసిగుడ్డ కనపడలేదు, వెతికే వ్యవధి లేదు, పొంగితే మాట పడాలి. రెండు చేతులతో గిన్నె పట్టుకుని దించేశాను. చూసిన మా అత్తగారు బుగ్గన వేలేసుకుని, మా కోడలివి ఇనుప చేతులని ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చింది. కొత్త కోడలికి అందిన మొదటి మెప్పు అది. బొబ్బల్ని పిడికిట్లో దాచుకుని నవ్వాను. ఇక ఆనాటినుంచి ఆ ఇంట్లో వేడిది ఏదున్నా నన్నే కేకేసేవారు. మామగారి స్నానానికి మరిగిన నీళ్ళు, ఆడపడుచు ఇస్త్రీపెట్టెలోకి నిప్పులు, మా ఆయన కాఫీ గ్లాసు. చివరికి వంటింట్లో మసిగుడ్డ పెట్టడమే మానేశారు, ఈవిడ ఉండగా దేనికని. పిల్లలు పుట్టాక వాళ్ళూ అదే నమ్మారు. వాళ్ళ తప్పేముంది, తల్లి వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకోవడం ఎప్పుడైనా చూస్తేగా.

"కాలుతుందిరా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. "ఏమిటమ్మా?"

"నా చేతులు కాలతాయి. మొదటి రోజునుంచీ కాలుతూనే ఉన్నాయి. నేను తియ్యను."

గట్టిగా అనలేదు. నాకు గట్టిగా మాట్లాడటం రాదు. అయినా వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. సారు గడియారం చూడటం మానేసి రోడ్డు వైపు చూడసాగారు. ఖాళీ టాక్సీ ఒకటి వస్తే చెయ్యెత్తారు. మా అబ్బాయి పరుగెత్తి పెట్టె అందుకుని లోపల పెట్టాడు. తనూ ఎక్కాడు, సారుని రైలెక్కించి వస్తాడట. ఎక్కేముందు తాళంచెవి బానెట్ పక్కన పడేసి, "తోసుకుంటూ వస్తారో, మోసుకుంటూ వస్తారో మీ ఇష్టం" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. మా ఇద్దరి మొహాలూ చూడలేదు.

వంతెన గోడ పక్కన బండి నీడలో ఇద్దరం కూర్చున్నాం. ఇంజను టిక్కుటిక్కుమంటూ చల్లారుతోంది. చాలాసేపటికి ఆవిడ నా చెయ్యి తీసుకుని ఒక్కొక్క వేలే నొక్కి చూసింది. రోజంతా పరాయివాళ్ళ వేళ్ళు పట్టుకుని సూది గుచ్చే పిల్ల. "మీకు పరీక్ష చెయ్యాలంటే సూది విరుగుతుంది అత్తయ్యా" అంది. నవ్వాను. నవ్వలేదు ఆవిడ. రాత్రంతా ఆలోచించి, పొద్దున్న ల్యాబుకి ఫోను చేసి రాలేనని చెప్పేద్దామనుకుందట. నంబరు కూడా నొక్కిందట. నన్ను డాక్టరుకి చూపించే వేళవుతోందని పెట్టేసిందట.

"ఇప్పుడు చేస్తావా?" అన్నాను.

ఆవిడ లేచి, గుడ్డ మందంగా మడిచి మూత మీద వేసి, కొంచెమే తిప్పి ఆగింది. బుస్సుమని మిగిలిన ఆవిరి పోయాక పూర్తిగా తీసింది. సీటు కింద తనే పెట్టుకున్న డబ్బాలో నీళ్ళు కొద్దికొద్దిగా పోసింది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. అద్దాలు దించి, హీటరు పూర్తిగా తిప్పి, తాళం తిప్పింది. బండి దగ్గి, కదిలింది.

వేడిగాలి ఇద్దరి కాళ్ళ మీదా సమంగానే కొడుతోంది. ఆవిడ రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకుని, పెదవులు లోపలికి మడిచి, నెమ్మదిగా వంతెన దించింది. ఒక లారీవాడు పక్కనుంచి ఏదో అరిచిపోయాడు. ఆవిడ అటు చూడలేదు. ముల్లు సగం దగ్గర నిలబడింది. నేను దానివైపే చూస్తూ కూర్చున్నాను.

వంతెన దిగాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకి తిరిగితే మా ఇల్లు. తిన్నగా పోతే ఊరు దాటి కొత్త ల్యాబు వైపు. మలుపు ముందు బండి నెమ్మదించింది.

"సోమవారం చీకట్లో పోవాలి. ఈ దారి నేను ఎప్పుడూ నడపలేదు అత్తయ్యా" అంది. అని, తనే సర్దుకుని, "మామయ్యగారికి భోజనం వేళయిందిలెండి" అంటూ ఎడమవైపు లైటు వేసింది. అది టకటకమని కొట్టుకుంటోంది.

ఆ మాట చెప్పి ఎన్ని చోట్లనుంచి మధ్యలో లేచి వచ్చేశానో, నా జన్మంతా. పెళ్ళిళ్ళలోంచి, పుట్టింటినుంచి, మా అమ్మ మంచం పక్కనుంచి.

"వంటిల్లు ఏ వైపుందో ఆయన ఈ పూట కనుక్కుంటారులే. ఆ లైటు తీసేసి తిన్నగా పోనీ" అన్నాను.