బీరువా నెత్తిన, బీరువా కింద

నేను మోటార్లకు తీగ చుట్టేవాణ్ణి. మాటలు తక్కువ. ఆ లోటు మా చెల్లెలు తీరుస్తుంది. ఆమె గ్రంథాలయంలో ఊడ్చి, దుమ్ము దులిపే మనిషి. మోకాలు వాచి నిచ్చెన ఎక్కలేకపోతోంది. ఇలాగైతే సోమవారం నుంచి వేరే మనిషిని పెట్టుకుంటానన్నారు లైబ్రేరియన్ గారు.

"అన్నయ్యా, బీరువాల పైనా కిందా దుమ్ము పీల్చే మిషన్ ఒకటి చేసిపెట్టు. నేను ఎక్కకూడదు, వంగకూడదు."

"కొలతలు?"

"పైన నా మీద ఇంకో నేను నిలబడ్డంత. కింద నాలుగు వేళ్ల సందు."

పాత వాక్యూమ్ క్లీనర్ మోటారుకు చక్రాలు బిగించాను. బరువంతా నేల మీదే ఉండాలి, చేతిలో గొట్టం మాత్రమే. ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు మూడు, మధ్యలో మోచేతిలా వంగే కీలు, చివర పలచటి రేకు మూతి. అయిదు రోజులు పట్టింది. మీట నొక్కగానే బల్ల మీది కాగితాలన్నీ ఎగిరొచ్చి మూతికి అతుక్కున్నాయి. అరవై ఆరేళ్లవాణ్ణి, ఒక్కణ్ణే గంతులేశాను.

శనివారం పొద్దున లైబ్రేరియన్ గారి ముందు పెట్టాం. చెల్లెలు గొట్టం సాగదీసి, కీలు వంచి, బీరువా నెత్తిన తిప్పింది. ఏళ్లనాటి దుమ్ము బర్రున లోపలికి పోయింది.

"చూశారా సార్! ఇంకాస్త ఉంటే బీరువా కూడా పోయేది!"

"సరే, ఇప్పుడు కింద," అన్నారాయన.

మూతి దూరలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఊహూఁ. మోటారు ఆపి నా వైపు తిరిగింది.

"నాలుగు వేళ్లే పెట్టావా?"

"నాలుగే."

"ఎవరివి?"

నా చెయ్యి చూపించాను. తన చెయ్యి పక్కన పెట్టింది. నా మూడు వేళ్లకు తన నాలుగూ సరిపోయాయి.

"ఇవి వేళ్లా, అరటిపళ్లా! ఎవరి వేళ్లే అని ఒక్క మాట అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

లైబ్రేరియన్ గారు కళ్లజోడు తీశారు. "అయితే సోమవారం..."

చెల్లెలు ఆ మాట పూర్తి కానివ్వలేదు. మూతిని నేల మీద పెట్టి, చెప్పు కాలితో ధన్‌మని తొక్కింది. నేను అంత ముద్దుగా గుండ్రం చేసిన మూతి బాతు ముక్కయింది. సందులో పెడితే సర్రున దూరింది. సన్నబడింది కదా, ఈల వేస్తూ పీల్చింది. బస్సు టికెట్లు, చొక్కా గుండీలు, పెన్ను మూత, ఎవరిదో పోయిన చెవి దుద్దు, టకటకా గొట్టంలో పరిగెత్తాయి.

"ఏమ్మా, కాలు బాగానే ఉందే!" అన్నారాయన.

"తొక్కడానికి ఉంది సార్, ఎక్కడానికే లేదు!"

చదువుకునేవాళ్లంతా గొల్లున నవ్వారు. నిశ్శబ్దం, నిశ్శబ్దం అంటూ ఆయనా పొట్ట పట్టుకున్నారు. నవ్వాగాక, "సోమవారం నా గదితో మొదలుపెట్టు," అన్నారు.

"సోమవారం దాకా ఎందుకు సార్!"

అప్పటికే మిషన్ లాక్కుంటూ బయల్దేరింది. పైన గోడ గడియారం, కింద బల్లలు, మళ్లీ పైన కిటికీలు.

"కాళ్లెత్తండి బాబూ, కాళ్లెత్తండి!"

అందరూ పేపర్లు పట్టుకుని కాళ్లు గాల్లోకి లేపారు. లైబ్రేరియన్ గారూ లేపారు. నేనూ లేపాను.