రేపటికి ఎక్కించిన దారం

ముప్ఫై ఒకటో గొడుగును చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కాడు. టక్. మూసి, ఇంకో రెండుసార్లు తెరిచాడు. మూడుసార్లూ ఒకే చప్పుడు. గొడుగును చుట్టి కట్టే పట్టీకి లోపలివైపు ఎర్రదారంతో ఒక కుట్టు వేసి, పళ్ళతో తెంపి, కుడివైపు కుప్పలో పెట్టాడు. ఆ కుట్టు లేనిదే ఏ గొడుగూ ఫ్యాక్టరీ గేటు దాటదు. ఇరవయ్యారేళ్ళుగా అంతే. మంచీ చెడూ చప్పుడుతోనే తేలుస్తాడని అందరూ అతన్ని చెవి బాబాయ్ అంటారు.

ఇంట్లో ఆ చెవికి పెద్దగా పని లేదు. భార్య పోయి పదకొండేళ్ళయింది. సాయంత్రం గొళ్ళెం తీసి లోపలికి వెళితే పలకరించేది కారే కుళాయి ఒక్కటే. వాషరు మార్చడం అతనికి ఐదు నిమిషాల పని. మార్చలేదు.

పదకొండింటికి యజమానురాలు తనే పన్నెండు గొడుగులు మోసుకొచ్చింది. ఎక్కడ చేసిందో చెప్పే చీటీ వేటికీ లేదు.

"ఆరు మనవి బాబాయ్, ఆరు విదేశం నుంచి వచ్చిన నమూనాలు. సగం ఖర్చుకే అవుతుంది, తయారీ అంతా అక్కడికి మార్చేయమని మా ఆయన ఒకటే పోరు. నాకు ఎటూ తేలడం లేదు. అక్కడి సరుకు మీ చెవికి నచ్చకపోతే ఇక్కడే ఉండిపోదాం. ఇంక ఎవరి మాటా వినను."

అని వెళ్ళిపోలేదు. మొదటి గొడుగు తనే తీసి అతని చేతికిచ్చి, కాసేపు అలాగే నిలబడింది.

పట్టుకోగానే తెలిసింది. పక్క గదిలో బట్ట కుట్టే ఆమె మూలల్లో దారాన్ని రెండుసార్లు ముడేస్తుంది. ఆ ముడి వేలికి తగులుతుంది. ఏవి మనవో తేల్చడానికి తెరవక్కర్లేదు కూడా.

తెరిచాడు. మనవాటిలో రెండింటికి మూడోసారి చప్పుడు కాస్త వెనకబడింది. మీటలు పోసే అచ్చు అరిగిందని అతనికి ఏడాదిగా తెలుసు. బయటివి ఆరూ ఒకే గొంతుతో పలికాయి. ఆఖరిదాన్ని ఏడుసార్లు తెరిచాడు, ఎక్కడైనా తడబడుతుందేమోనని. తడబడలేదు. పక్క గదిలో కుట్టుమిషన్లు నడుస్తున్నాయి. సూది పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత, వెనకబడిన ఆ రెండూ తప్ప మిగతా పదింటికీ కుట్టు వేశాడు.

భోజనాల వేళకి ఈ పరీక్ష సంగతి ఫ్యాక్టరీ అంతా పాకింది. కుట్టుపనామె రోజూలాగే డబ్బా తెచ్చుకుని పక్కన కూర్చుంది. బల్ల మీది గొడుగుల మూలలు తడిమి చూసింది.

"అవతలివి ఆరూ పాసయ్యాయా?"

"అయ్యాయి."

"ఒక్కరోజు చెవులు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది అన్నయ్యా? నలభైమందిమి ఉన్నాం."

"మూసుకుందామనే చూశాను."

"చూసి?"

"వినబడింది."

ఆమె నవ్వబోయి మానేసింది. సగంలోనే డబ్బాకు మూత పెట్టుకుని లేచింది. మళ్ళీ ఎప్పుడూ అతని పక్కన కూర్చోలేదు.

సాయంత్రం యజమానురాలు వచ్చి ఒక్కో పట్టీ తిప్పి చూసుకుంది.

"ఏవి మనవో మీకు తెలియలేదు కదూ?" బతిమాలుతున్నట్టు అడిగింది.

"పట్టుకోగానే తెలిసిందమ్మా."

"మరి?"

"వానలో నిలబడ్డవాడికి ఎవరు చేశారో ఎందుకమ్మా? నెత్తిమీద మూసుకుపోకుండా ఉంటే చాలు."

ఆమె ఎర్రకుట్టు మీద వేలు రాస్తూ ఉండిపోయింది. "ఫ్యాక్టరీ నడిపిన రోజుల్లో నాన్నయితే మిమ్మల్ని అడిగేవారు కాదు. ఏం చెబుతారో ఆయనకు ముందే తెలుసు."

పొద్దుట కిటికీ వెలుతురు అతని కళ్ళకు చాలదు. అందుకని మర్నాటి దారం ముందురోజే సూదికి ఎక్కించి, బల్ల అంచుకు కొట్టిన గుడ్డముక్కలో గుచ్చి వెళతాడు. ఆరోజూ అలాగే గుచ్చి వెళ్ళాడు. ఇంట్లో కుళాయి కారుతూనే ఉంది.

నాలుగు నెలలకు యంత్రాలు పెట్టెల్లోకెక్కాయి. చివరి రోజు అతను మిగిలిన పంతొమ్మిది గొడుగులూ చూసి, చేతులు కడుక్కుని, వాచ్‌మన్‌తో వస్తానని చెప్పి వెళ్ళాడు. లారీలో అచ్చులు పోయాయి, ఫ్యాన్లు పోయాయి. పాత బల్లను మాత్రం ఎవరూ అడగలేదు. దాని అంచున, గుడ్డముక్కలో, జానెడు ఎర్రదారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది.