కత్తిరించని చేతిపట్టీ

నేను ఒక చేతిపట్టీని. వెండిదో బంగారందో అనుకునేరు, అంత భాగ్యం లేదు. ఆస్పత్రిలో చేరిన రోగి మణికట్టుకి నర్సు చుట్టి టక్కుమని నొక్కే ప్లాస్టిక్ పట్టీని. ఒకసారి తాళం పడిందంటే ఇక ఊడను, కత్తెరతో కత్తిరించాల్సిందే. అందుకే మా జాతికి ఆయుష్షు తక్కువ. రోగి ఇంటికి బయల్దేరే వేళకి మమ్మల్ని కత్తిరించి చెత్తడబ్బాలో పడేస్తారు. నేను ఒక్కదాన్నే బతికాను. బతికి చూడకూడనివన్నీ చూశాను. ప్లాస్టిక్‌కి ఒళ్ళు మండితే కంపు కొడుతుందని నాకు తెలుసు. అయినా చెప్పక మానను.

మేం వెయ్యిమందిమి ఒకే మిషన్ నోట్లోంచి ఒకే చుట్టగా ఊడిపడ్డాం. అట్టపెట్టెలో ప్రయాణం చేసి కాకినాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి కౌంటర్లో, సొరుగులోకి చేరాం. ఆ సొరుగులో పడుకుని నేను మనుషుల భాష నేర్చుకున్నాను. ముందు నేర్చుకున్న మాట ‘నొప్పి’ అనుకుంటున్నారేమో. కాదు. ‘ఇన్సూరెన్స్ ఉందా?’ అన్నది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేవాణ్ణి కూడా కౌంటర్లో కుర్రాడు అదే అడిగేవాడు. నొప్పి ఎక్కడని అడిగే మనిషి రెండో అంతస్తులో ఉంటాడు.

ఒక గురువారం పొద్దున గంగరాజు వచ్చాడు. నలభై రెండేళ్ళ మనిషి, చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు కొట్టే పని. కిడ్నీలోంచి రాయి దిగి గొట్టంలో అడ్డుపడింది. ఒకవైపు భార్య వీరవేణి, ఇంకోవైపు తల్లి సూరమ్మ పట్టుకుంటే తప్ప నిలబడలేకపోతున్నాడు. కంప్యూటర్లోంచి చిన్న చీటీ వచ్చి నా మీద అతుక్కుంది. పేరు, వయసు, నంబరు, గురువారం తేదీ, పదకొండూ పది. ఐసు దిమ్మలు మోసి మోసి మొద్దుబారిన ఆ మణికట్టు మీద నాకు తాళం పడింది.

“ఇన్సూరెన్స్ ఉందండి,” అంది వీరవేణి ధైర్యంగా. ఆమె రేవు గేటు ముందు టిఫిన్ బండి నడుపుతుంది. రెండేళ్ళ కింద ఆ బండి దగ్గర రోజూ పెసరట్టు తినే ఏజెంటు ఒకడు ఆ పాలసీ అంటగట్టాడు. ‘ఆస్పత్రిలో చేరితే చాలక్కా, మిగతాది కంపెనీ చూసుకుంటుంది’ అన్నాడట. కౌంటర్ కుర్రాడు కార్డు అటూ ఇటూ తిప్పి, “ఈ కంపెనీ మా లిస్టులో లేదు మేడం. మీరు కట్టేసి, తర్వాత కాగితాలు పెట్టుకోండి. వచ్చేస్తాయి,” అన్నాడు. ‘వచ్చేస్తాయి’ అన్న మాటని మనుషులు ఎంత తేలిగ్గా అనేస్తారో చూడండి. అన్నవాడికి ఏమీ ఖర్చు కాదు.

ఆ సాయంత్రమే లోపల గొట్టం వేసి రాయి తీశారు. బిల్లు నలభై ఒక్క వేలు. వీరవేణి దగ్గర ఉన్నది బండి ఒక్కటే. చక్రాలు, పొయ్యి, మధ్యలో పదిహేనేళ్ళ ఇనప పెనం. ఆ పెనం మీద నూనె చుక్క తగలకపోయినా అట్టు ఊడి వస్తుందని మంచం పక్కన కూర్చుని మొగుడితో చెప్తుంటే విన్నాను. తెల్లారగానే బండి మొత్తాన్ని ఫైనాన్స్ ఆయన దగ్గర తాకట్టు పెట్టి డబ్బు తేవడానికి వెళ్ళింది. గడువు ఆరు నెలలు. కంపెనీ డబ్బు నెలలో వచ్చేస్తుంది కదా అని లెక్క.

ఇక్కడే మా సూరమ్మ గారి కథ మొదలవుతుంది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. కొడుకు గడప దాటేది అది మొదలయ్యేలోపే దాటాలని ఆవిడ పట్టు. పొద్దున్నే డాక్టరు ఇలా వచ్చాడో లేదో కాళ్ళావేళ్ళా పడింది. “బాబ్బాబు, పదిన్నరలోపు పంపించెయ్యండయ్యా. కాగితం మీద సంతకం ఒక్కటి పెట్టెయ్యండి.” ఆయన పెట్టేశాడు. తొమ్మిదీ యాభైకి డిశ్చార్జ్ అని కంప్యూటర్లో పడిపోయింది. కేస్ షీటు కిందికి, బిల్లింగుకి వెళ్ళిపోయింది. అంతా బాగానే ఉంది గానీ, డబ్బు తెచ్చే వీరవేణి వచ్చేసరికి పదీ నలభై అయింది. రాహుకాలం వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఇక కదిలితే ఒట్టు. పన్నెండు దాకా మంచం దిగేది లేదంది సూరమ్మ.

మంచిదే అయింది. గంగరాజుకి మళ్ళీ నొప్పొచ్చి వాంతులు మొదలయ్యాయి. వార్డు నర్సు రూతు పరిగెత్తుకొచ్చింది. డాక్టరుకి ఫోన్ చేసి, కింద మందుల షాపులో కొత్త సెలైన్ బాటిల్ తెప్పించి ఎక్కించింది. ఎక్కించిన టైము రాయాలి. రాయడానికి కేస్ షీటు లేదు, కిందికి పోయింది. ఆ పిల్ల ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, గంగరాజు చెయ్యి పట్టుకుని, బాల్‌పెన్నుతో నా మీదే రాసింది. శుక్రవారం, పదకొండూ నలభై, రెండో బాటిల్, రూతు. పెన్ను మొన గట్టిగానే గుచ్చుకుంది. నా జన్మకి అదే సార్థకమని అప్పుడు తెలియలేదు.

వాళ్ళు ఆస్పత్రి గడప దాటేసరికి ఒంటిగంటా ముప్పావు. కౌంటర్లో బిల్లు చేతికొచ్చింది. పన్నెండు దాటింది కాబట్టి మంచానికి రెండు రోజుల అద్దె వేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అంతకుముందే, వార్డులో రూతు కత్తెర తీసింది. సూరమ్మ చెయ్యి అడ్డుపెట్టింది. “చేతికి కట్టింది కత్తెరతో కోస్తారా నర్సమ్మా? కంకణం అంటే మూడోరోజున విప్పాలి. కొయ్యకూడదు.”

“అది కంకణం కాదు మామ్మగారూ, పేరు పట్టీ,” అని నవ్వింది రూతు. చర్చికెళ్ళే పిల్ల, అయినా పెద్దావిడ మాట కొట్టెయ్యలేక కత్తెర జేబులో పెట్టుకుంది. అలా నేను ఇంటికెళ్ళాను. మూడోరోజున గంగరాజు చేతికి కొబ్బరినూనె రాసి, సబ్బు రాసి, వేళ్ళు దగ్గరికి నొక్కి, తాళం ఊడకుండా నన్ను లాగేశారు. చిక్కిపోయిన చెయ్యి కాబట్టి వచ్చాను. సూరమ్మ పసుపు బొట్టు పెట్టి నన్ను దేవుడి పటాల మేకుకి తగిలించింది. నా జాతిలో పసుపు బొట్టు పెట్టించుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నెలన్నరకి కంపెనీ ఉత్తరం వచ్చింది. రోగి ఆస్పత్రిలో ఉన్నది ఇరవై రెండు గంటల నలభై నిమిషాలు, పాలసీ ప్రకారం వరుసగా ఇరవై నాలుగు గంటలు ఉండాలి, కాబట్టి ఇవ్వం. ఇంతే. నలభై ఒక్క వేలకి నాలుగు వాక్యాలు, కింద ‘మీ శ్రేయోభిలాషి’ అని సంతకం. వీరవేణి ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, అత్తగారి వైపు తిరిగింది.

“నీ రాహుకాలం నా బండి మింగేసింది అత్తా.”

సూరమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఆవిణ్ణి చూస్తే జాలేసింది గానీ, కోపం మాత్రం నాకు ఆవిడ మీద రాలేదు. కొడుకు బాగుండాలని గడియారం చూసింది ముసలిది. డబ్బు ఎగ్గొట్టాలని గడియారం చూసినవాళ్ళు వేరే ఉన్నారు.

వీరవేణి ఆస్పత్రికి వెళ్ళింది. కంప్యూటర్లో పడ్డ టైము మార్చడం కుదరదన్నారు. మరి మంచానికి రెండు రోజుల అద్దె ఎందుకు తీసుకున్నారంటే, అది మా రూలన్నారు. కంపెనీకి ఫోన్ చేసింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ ఒక పాట, పాట తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, ‘మీ ఇబ్బందికి చింతిస్తున్నాం మేడం’ అని. చింతించడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారుగానీ డబ్బివ్వరు. ఆస్పత్రి లెక్కలో రెండు రోజులున్న మనిషి, కంపెనీ లెక్కలో ఒక్కరోజు కూడా లేడు. మధ్యలో ఆ గంటలన్నీ ఎవరు మింగారో చెప్పే నాథుడు లేడు. ఏజెంటుకి ఫోన్ చేస్తే, పెసరట్టులో ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యమని ఆర్డరేసిన నోరు ఇప్పుడు నీళ్ళు నమిలింది. “రూల్స్ బుక్కులో ఉంటాయక్కా, చదువుకోవాలి కదా.”

చదివింది. బండి లేక, వేరేవాళ్ళ హోటల్లో పిండి రుబ్బడానికి కుదిరి, మధ్యాహ్నాలు ఆ పుస్తకం పట్టుకు కూర్చుని పదో తరగతి చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఇరవై నాలుగు గంటలని ఉంది. అవి ఎక్కణ్ణించి మొదలై ఎక్కడ ఆగుతాయో లేదు. డాక్టరు సంతకం దగ్గరా, రోగి మంచం దిగిన దగ్గరా? ఎక్కడా లేదు. అదే మాట ఉత్తరం రాసి, మందుల షాపు చీటీ జతచేసింది. దాని మీద రెండో బాటిల్ అమ్మిన టైము పదకొండూ ముప్ఫై రెండని ఉంది. కంపెనీ జవాబు ఇచ్చింది. ‘మందు కొన్నట్టు రుజువుంది. రోగికి ఎక్కించినట్టు లేదు.’

అంటే ఆ బాటిల్ని గంగరాజు పెళ్ళాం పులుసులో పోసుకుందని వాళ్ళ ఉద్దేశం కాబోలు.

వీరవేణి దాన్ని పైకి చదువుతుంటే దేవుడి పటాల దగ్గర దీపం వత్తి సరిచేస్తున్న సూరమ్మ ఆగిపోయింది. “ఎక్కించినప్పుడు ఆ పిల్ల రాసింది కదే,” అంది మెల్లిగా. “కంకణం మీద.”

ఇద్దరూ ఒకేసారి మేకు వైపు చూశారు. అంతకుముందు ఎవరూ నన్ను అంత ఆశగా చూడలేదు.

రూతు అప్పటికి వేరే ఆస్పత్రికి మారింది. వీరవేణి వెతుక్కుంటూ వెళ్ళి నన్ను చూపిస్తే ఆ పిల్ల భయపడింది. ఈ ఊళ్ళో ఆస్పత్రులవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే, రేపు ఉద్యోగం ఎవరిస్తారని. కాసేపు నన్ను అరచేతిలో తిప్పి చూసి, “నేను రాసింది నేను రాయలేదని ఎలా అంటానక్కా,” అని తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది. ఇంత కథలో నిజం దాచనివాళ్ళు ఒక్కరైనా ఉన్నారు.

బీమా ఫిర్యాదులు వినే పెద్ద అధికారికి కాగితాలు వెళ్ళాయి. విచారణ తారీఖు రావడానికి మాత్రం ఏడో నెల వచ్చింది. ఈలోపు ఆరో నెల వెళ్ళిపోయింది. ఫైనాన్స్ ఆయన గడువు గడువే అన్నాడు. బండీ పొయ్యీ పెనం అంతా కలిపి నూడుల్స్ అమ్మేవాడికి అమ్మేశాడు. ఆ కబురు విన్న రోజు వీరవేణి ఏడవలేదు. నన్నూ కాగితాల్నీ ఒక కవర్లో పెట్టి, అత్తగారి చెయ్యి పట్టుకుని హైదరాబాదు రైలెక్కింది.

విచారణ హాల్లో కంపెనీ తరఫున ఒక యువకుడు లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. నన్ను బల్ల మీద పెట్టగానే మొహం చిట్లించాడు. “ఇది డాక్యుమెంట్ కాదు సర్. ఎవరైనా రాసుకోవచ్చు, తర్వాత చేతికి తగిలించుకోవచ్చు.”

అధికారి కళ్ళజోడు సవరించుకుని నన్ను చేతిలోకి తీసుకున్నాడు. తాళం గోటితో లాగాడు. గట్టిగా లాగాడు. ఊడలేదు. “తగిలించుకోవడానికి ముందు ఊడాలి కదా బాబూ,” అన్నాడు. తర్వాత మందుల చీటీ మీద పదకొండూ ముప్ఫై రెండు, నా మీద పదకొండూ నలభై, బిల్లు మీద రెండు రోజుల అద్దె, రూతు కాగితం, నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. “ఇరవై నాలుగు గంటలు ఎప్పుడు ముగుస్తాయో మీ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించండి.” యువకుడు పేజీలు తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. పేజీలు అయిపోయాయి.

మొత్తం చెల్లించమని తీర్పు. అధికారి మంచి మనిషే, నేను కాదనను. సంతకం పెట్టి, తల పైకెత్తి, “సంతోషమేనా అమ్మా?” అని అడిగాడు.

వీరవేణి కవరు చేతిలోకి తీసుకుంది.

“సంతోషం ఎందుకండి? నా డబ్బులు నాకొచ్చినియ్యి,” అంది. “నా పెనం మీద ఇప్పుడెవరో నూడుల్స్ ఏపుతున్నారండి. మాయన మంచం మీదున్న గంటలు నిమిషాలతో సహా లెక్కెట్టారు మీరంతా. ఈ ఏడు నెలలు ఎవరు లెక్కెడతారండి?”

అధికారి నా వైపు చూశాడు. నా మీద ఉన్నది రెండు రోజుల లెక్కే. యువకుడు లాప్‌టాప్ మూసేశాడు.

వెళ్ళేముందు సూరమ్మ గుమాస్తా దగ్గరికొచ్చి నన్ను ఇమ్మంది. అది మావాడి చేతిదయ్యా, ఏట్లో కలపాలి అంది. ఒరిజినల్ ఫైల్లోనే ఉండాలమ్మా అన్నాడు గుమాస్తా. ఆవిడ ఆ ఫైలుకే ఒకసారి దణ్ణం పెట్టుకుని కోడలి వెనకాలే వెళ్ళిపోయింది.

వాళ్ళు మెట్లు దిగాక గుమాస్తా నాకు పంచింగ్ మిషన్‌తో బొక్క పొడిచాడు. పదకొండూ నలభైకి సరిగ్గా పక్కన. ట్యాగు దారం గుచ్చి, ‘పరిష్కరించబడినది’ అని రాసి ఉన్న అట్టలో కట్టాడు. నా కింద ఇంకెన్నో ఫైళ్ళు ఉన్నాయి. అన్నిటి మీదా అదే మాట. నా తాళం మాత్రం ఇప్పటికీ ఊడలేదు. మూడోరోజున విప్పాల్సింది ఎవరూ విప్పలేదు.