చూపించని బిడ్డ

మూసీ పక్కనున్న కార్వాన్ బస్తీలో పాల వ్యాపారం చేసే ఇంటి కోడలు గీతాంజలి. కాన్పులోనే ఆమె బిడ్డ పోయింది. ఆమెకు తెలివి వచ్చేసరికే భర్త సాగర్ ఆడపిల్లను పూడ్చిపెట్టి వచ్చేశాడు. ముఖం చూస్తే ఆమె ఇక మరచిపోలేకపోతుందని పెద్దవాళ్లే అలా చేయించారు. అప్పటి నుంచి ఇంట్లో ఏదో మూల నుంచి ఏడుపు వినిపించేది ఆమెకు. లేచి వెళ్తే కొట్టంలో దూడ అరుపు. కొన్నిసార్లు అదీ ఉండేది కాదు.

ఎండలు ముదిరాక మిద్దె మీదికి ఒక ఎర్రమూతి కోతి రావడం మొదలైంది. దాని చంకలో పిల్ల. ఆ పిల్ల చచ్చి చాలా రోజులైంది. ఎండిపోయి తోలులా వేలాడుతోంది. తల్లి మాత్రం ఈగలు తోలుతూ, దాని వెంట్రుకలు సవరిస్తూ పిట్టగోడ మీద కూర్చునేది.

"అపశకునం! ఎల్లగొట్టు దాన్ని," అంటూ అత్త లలితమ్మ కట్టె పట్టుకుని వచ్చింది.

గీతాంజలి కదల్లేదు. మిద్దె మీద తొట్టిలోని నిమ్మచెట్టు కొమ్మలకు పొలుసు పురుగులు పట్టాయి. గోధుమరంగు బొడిపెల్లా కరచుకుని ఉన్న వాటిని పిన్నీసుతో గీకుతోంది. ఒకటి ఊడి వెల్లకిలా పడింది. తల్లి పురుగు చచ్చి ఉత్త డొల్లయింది. ఆ డొల్ల కింద మాత్రం ఇసుక రేణువులంత పిల్లలు కదులుతున్నాయి.

"అత్తమ్మా, గిటు చూడు. ఈ తల్లి సచ్చిపోయింది గని పిల్లల్ని కప్పుకోనే ఉన్నది. ఆ కోతికేమో పిల్ల సచ్చిపోయింది, అయినా ఇడుస్తలేదు." ఆమె అత్త వైపు తిరిగింది. "నాకు మీరు ముఖం గూడ సూపియ్యలే."

లలితమ్మ కట్టె కింద పెట్టింది.

"నీ లెక్కనే ఉండె బిడ్డా. గదువ మీద సొట్ట గూడ," అంది ఆమె గడ్డం తాకి.

మర్నాడు పొద్దున సాగర్ ఆమెను మూసీ ఒడ్డున ఉన్న శ్మశానానికి తీసుకెళ్లాడు. పసిపిల్లలను పెట్టే చోట, గోడ పక్కన, అన్నీ ఒకే తీరు మట్టి దిబ్బలు, అన్నింటి మీదా ఒక్కో రాయి. అతను ఒకదాని దగ్గర ఆగాడు. మళ్లీ ఇంకోదాని దగ్గరికి నడిచాడు.

"రాయి పెట్టిన గీతా... యాడనో యాదికొస్తలేదు. గా దినం నాకు కండ్లే కనవడలే."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, మొదటి దిబ్బ మీద అరచేయి ఆనించింది. తర్వాత రెండోదాని మీద, ఆపైన ఒక్కొక్కదాని మీదా. కొన్ని ఎండకు వెచ్చగా, గోడ నీడలో కొన్ని చల్లగా తగిలాయి.

సాగర్ అవతలి చివరికి నడిచాడు. అక్కడి నుంచి తానూ ఒక్కో దిబ్బ మీద చేయి ఆనించడం మొదలుపెట్టాడు.