మైనానికి మంచినీళ్ళు

మధ్యాహ్నం రెండున్నరకు బెల్టు ఆగిపోయింది. రేకుల షెడ్డులో పొద్దుటి నుంచి గరగరమని తిరుగుతున్న బ్రష్షులు ఉన్నట్టుండి నిలబడేసరికి, వరసగా నించుని బత్తాయిలు, అదే చీనీకాయలు, ఏరుతున్న ఆడవాళ్ళకు తమ మాటలు తమకే గట్టిగా వినిపించాయి. ఏప్రిల్ ఎండ. రేకు కింద కొలిమి దగ్గర ఉన్నట్టే ఉంది. ఢిల్లీ లారీ ఆరింటికి కదలాలి. ఇంకా ఐదు టన్నుల కాయ మిషను ఎక్కాల్సి ఉంది.

తిమ్మక్క బెల్టు మీదనుంచి ఒక కాయ తీసి చూసింది. మైనం పట్టిన కాయ మెరవాలి. ఇది మెరవడం లేదు. తొక్క మీద అక్కడక్కడ తెల్లటి పెళ్ళలు, కొబ్బరికోరు చల్లినట్టున్నాయి. గోటితో గీకితే ముద్దగా ఊడొచ్చింది.

"ఏమప్పా కుళ్ళాయప్పా, ఏమయింది?" తూకం దగ్గర నుంచి నాగేశ్వరయ్య కేకేశాడు. అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే రోడ్డు పక్కన ఉన్న ఈ షెడ్డు ఆయనదే.

"వ్యాక్సు ఇరిగిపోయింది సామీ. పాలు ఇరిగినట్ల గడ్డలు కట్టింది. పిచికారీ బొక్కలన్నీ మూసుకపోయినాయి," అన్నాడు మిషను నడిపే కుళ్ళాయప్ప, చేతికంటిన తెల్లటి జిగురును చూపిస్తూ.

ఆ మాట వినగానే తిమ్మక్క మనసులో మొదట కలిగింది సంతోషం. దాచడమెందుకు, అలాగే కలిగింది. మైనం కలిపే గది హేమది. మైనం విరిగితే పోయేది హేమ పరువే. పోనీ, దానికీ ఒకరోజు రావాలి కదా అనుకుంది. మరుక్షణం పొద్దున తాను చేసిన పని గుర్తుకొచ్చింది.

తిమ్మక్క ఆ షెడ్డులో పదకొండేళ్ళ నుంచి పని చేస్తోంది. మిషను రాకముందు కాయలకు మెరుపు తెచ్చేది ఆమె చేతులే. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, పొడిగుడ్డతో రుద్ది, కాయకు నిగారింపు తెప్పించడంలో ఆమెను మించినవాళ్ళు లేరని నాగేశ్వరయ్యే నలుగురిలో అనేవాడు. అనేవాడు గానీ, కూలి మాత్రం అందరికీ ఇచ్చిందే ఇచ్చేవాడు. తరువాత మిషను వచ్చింది. కాయలు నీళ్ళలో మునిగి, గాలికి ఆరి, బ్రష్షుల మీద దొర్లుతుంటే పైనుంచి మైనపు ద్రావణం మంచులా పడుతుంది. వేడిగాలి సొరంగంలోంచి బయటికి వచ్చేటప్పటికి ప్రతి కాయా కొత్త పెళ్ళికూతురే. అలాంటి కాయ ఢిల్లీ పోయినా పదిహేను రోజులు వడలదు. తుడిచే గుంపునంతా ఏరే పనికి మార్చారు. కూలి మూడువందల యాభై దగ్గరే నిలబడింది.

మైనం గదికి ఒక మనిషి కావాల్సి వచ్చినప్పుడు అందరూ తిమ్మక్కనే అనుకున్నారు. అందరికంటే ఎక్కువగా తిమ్మక్కే అనుకుంది. బెల్టు దగ్గర తనతోపాటు ఏరే బయమ్మతో పందెం కూడా కట్టింది. కానీ మూడు నెలల కిందట బెళుగుప్ప వైపు నుంచి బస్సు దిగివచ్చింది హేమ. పాతికేళ్ళ పిల్ల. ఇంటర్ పాసయింది. అత్తగారికి ఒకప్పుడు ఐదెకరాల చీనీతోట ఉండేదట. నాలుగు బోర్లు ఎండిపోయి తోట కట్టెలపాలయితే కూలికి వచ్చింది. "మంచి కొంపలో పిల్ల, డబ్బా మీద రాసిండేది చదువుకుంటాది," అని నాగేశ్వరయ్య ఆమెను మొదటిరోజే గదిలో కూర్చోబెట్టాడు. రోజుకు ఐదువందలు!

తిమ్మక్కకు అప్పుడు అంటుకున్న కడుపుమంట మళ్ళీ ఆరలేదు. ఆ పిల్లకు కుర్చీ ఉంది. తలమీద ఫ్యాను ఉంది. ముఖానికి చున్నీ కట్టుకుని, ఎవరితోనూ మాటాడకుండా పనిచేసి, కళ్ళు ఎర్రగా చేసుకుని బయటికొచ్చేది. "చూడుమే, మన గాలి సోకితే మాసిపోతాదేమో," అని తిమ్మక్క వెటకారమాడేది. తోటలున్నప్పుడు వాళ్ళ దగ్గరే మనం కూలికి పోవాలి, తోటలు పోయినాక వాళ్ళొచ్చి మన నోటికాడి కూడు లాక్కోవాలి, ఇదెక్కడి న్యాయం అని రాత్రిళ్ళు మొగుడితో దెబ్బలాడేది. అందులో న్యాయం లేదన్నది నిజమే. అయితే ఆ అన్యాయాన్ని కొలువు ఇచ్చినవాడి ఖాతాలో వేయకుండా, కొలువు దొరికినదాని ఖాతాలో వేసుకుంది.

అన్నిటికంటే ఎక్కువ రగిలించింది నీళ్ళు. మైనం కలపడానికి రోజూ ఆరు క్యాన్ల మంచినీళ్ళు వచ్చేవి. క్యాను ఇరవై రూపాయలు. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు తాగేది మాత్రం మూల డ్రమ్ములోని బోరునీళ్ళు. అవి తాగీ తాగీ అందరి పళ్ళూ గారపట్టాయి. నలభై దాటకుండానే మోకాళ్ళు పట్టుకుని లేవాల్సి వస్తోంది. కాయ మీద పూసే దానికి తియ్యటి నీళ్ళు, మనుషుల గొంతులోకి ఉప్పునీళ్ళు! ఆ క్యాన్లు గదిలోకి పోతుంటే అవి హేమ సొంతానికే పోతున్నట్టు తిమ్మక్కకు ఒళ్ళు మండిపోయేది.

ఈరోజు పొద్దున హేమ బస్సు ఆలస్యమయింది. ఆరు క్యాన్లూ గది ముందు వరసగా ఉన్నాయి. తిమ్మక్క చుట్టూ చూసి ఒకదాని మూత తీసింది. చెంబు నిండా వంచుకుని గటగట తాగింది.

"రాండే, తాగండి. ఎంత తియ్యగ ఉండాయో!" అని బయమ్మను పిలిచింది. బయమ్మ తాగి మిగతావాళ్ళను పిలిచింది. పండగలా అయింది. ముఖాలు కడుక్కున్నవాళ్ళు కూడా ఉన్నారు. చూస్తుండగానే మూడు క్యాన్లు ఖాళీ. ఇప్పుడెట్లా అని బయమ్మ భయపడితే, తిమ్మక్క ఆ మూడింటినీ బోరు కుళాయి కింద పెట్టి నింపి, మూతలు అదిమి, ఉన్నచోటనే పెట్టింది.

"నీల్లకు నీల్లు సరిపాయ. వ్యాక్సుకేం తెలుస్తాది?" అని నవ్వింది.

వ్యాక్సుకు తెలిసింది. మంచి క్యాన్లు అయిపోయి, సున్నమూ ఉప్పూ నిండిన ఆ నీళ్ళు పడగానే పాలలా ఉన్న ద్రావణం విరిగి ముద్దలయిందని తిమ్మక్కకు ఇప్పుడు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

నాగేశ్వరయ్య హేమను గదిలోంచి బయటికి పిలిచాడు. చున్నీ కిందికి జారిన ముఖంతో ఆమె వచ్చి నిలబడింది.

"నీల్లు యాటివి పోసినావు?"

"క్యాన్లవే సామీ."

ఆయన మిగిలిన క్యానులోంచి దోసిట్లోకి వంచుకుని నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మాడు. "ఇవి బోరునీల్లు! మంచినీల్లు ఇంటికి మోసుకపోయి ఈ నీల్లు పోసినావా? నాలుగు డబ్బాలు పాడు చేసినావు. డబ్బా ఏడువేలమ్మా! మంచి కొంపలో పిల్లని నమ్మి కూర్చోబెడితే దొంగబుద్ధి చూపిస్తివి గదా."

"నాకు తెలీదు సామీ. నేను దొంగతనం చేసేదాన్ని కాదు," అంది హేమ. షెడ్డు అంతా విన్నది. పొద్దున నీళ్ళు తాగిన వాళ్ళలో ఒక్కరూ తల ఎత్తలేదు. తిమ్మక్క చేతిలోని కాయను గీకుతూనే ఉంది.

నాగేశ్వరయ్య అటూ ఇటూ చూసి ఆమె దగ్గర ఆగాడు. "తిమ్మక్కా, పదకొండేండ్ల నుంచి ఈడ ఉండావు. ఒక కాయ దొంగిలించినదానివి కాదు. ఇప్పుట్నించీ ఆ గది నీది. ఐదునూర్లు. కొత్త క్యాన్లు తెప్పిస్తాండా, బిరీన కలుపు. హేమా, ఎట్ల కలపల్లో ఈయమ్మకు చూపిచ్చి బయటికి నడువు. చూపిస్తేనే నీ వారం కూలి."

మూడు నెలలుగా కలలో కూడా వదలని మాట అది. వినగానే తిమ్మక్క గుండె పొంగాల్సింది. పొంగలేదు. అయినా కాళ్ళు గదివైపు నడిచాయి. ఆశ అంత తొందరగా చస్తుందా!

గది అంటే మూడు పక్కలా రేకు కొట్టిన పెట్టె. కిటికీ లేదు. తలమీద ఫ్యాను లోపలి గాలినే లోపల తిప్పుతోంది. తిమ్మక్క కుర్చీలో కూర్చుని చూసింది. ఒక కాలు విరిగితే ఇటుక పెట్టారు. హేమ కొత్త డబ్బా మూత తిప్పింది. లోపలి ఘాటు భగ్గున లేచింది. తిమ్మక్క కళ్ళలో కారం పడ్డట్టయింది. గొంతు పట్టేసి దగ్గు వచ్చింది. లేవబోయి గోడ తడుముకుంది.

"మొగం ఇట్ల పక్కకు తిప్పుకో తిమ్మక్కా," అని హేమ ఆమె భుజం పట్టుకుని తిప్పింది. "మూత తీస్తానే ఊపిరి బిగబట్టు. ముప్పై లెక్కబెట్టినాక వచ్చి కలుపు. చున్నీ తడిపి కట్టుకుంటే రోంత నయం. రాత్రికి కండ్లు మంట బుట్టి నిద్ర రాదు. నిద్ర రాకుంటే లేచి నీల్లు కొట్టుకో."

"దినామూ ఇట్లనేనా?"

"దినామూ ఇంతే. మాస్కు అడిగితే రేపు మాపు అంటాండాడు." హేమ కలిపే కర్ర అందించి, తలవంచుకుని మెల్లగా అంది. "తప్పు నాదేనేమో అక్కా. పొద్దున గూడా కండ్లు కారతా ఉండె, ఏం కనపడల్యా. బోరు దగ్గరుండే క్యాన్లు నేనే ఎత్తకచ్చుకున్నానేమో. మా అత్తకు ఏమని చెప్పల్లో."

ఈ పిల్ల తనను అనుమానించి ఉంటే, నాలుగు తిట్టి ఉంటే, జుట్టు పట్టుకుని ఉంటే ఎంత హాయిగా ఉండేది! తిరిగి తిట్టి, కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చునేది. మూత తీసింది తాను, తాగింది తాను, నింపింది తాను. ఆఖరికి ఆ తప్పు కూడా ఈ పిల్లే పట్టుకుపోతానంటోంది. కొలువు తీసుకుంది, కుర్చీ తీసుకుంది, తన తప్పును కూడా తనకు మిగలనివ్వదా? అంత సిగ్గులోనూ తిమ్మక్కకు అసూయే ముందు వచ్చింది.

కర్ర పక్కన పడేసి బయటికి వచ్చింది.

"సామీ, నీల్లు మార్చింది నేను."

నాగేశ్వరయ్య ఫోనులో లారీవాడికి సర్దిచెబుతున్నాడు. చెయ్యి ఊపి, "గమ్మునుండు తిమ్మక్కా, పని చూడు," అన్నాడు.

"పనే చెప్తాండా. ఆ పిల్ల దొంగ కాదు. మూడు క్యాన్లు నేను మూత తీసి తాగినా. బోరునీల్లు నింపి పెట్టినా. పదకొండేండ్లు ఉప్పునీల్లు తాగినోల్లం. మంచినీల్లు కండ్ల ముందర కనపడితే తాగినా. వ్యాక్సు ఇరుగుతాదని తెలీదు. తెలిసింటే ఏం చేస్తాంటినో అదీ తెలీదు."

నాగేశ్వరయ్య ఫోను దించాడు.

"నేనూ తాగినా," అంది బయమ్మ బెల్టు అవతల నుంచి. ఇంకొకామె తలూపింది. ఇంకెవరూ పేరు చెప్పలేదు గానీ, ఎవరూ ఎవరివైపూ వేలు చూపలేదు.

నాగేశ్వరయ్య వ్యాపారం తెలిసిన మనిషి. కోపం కంటే గడియారం ముఖ్యమని ఆయనకు తెలుసు. మూడున్నర కావస్తోంది. "సరే. తిమ్మక్కా, నీ సంచి తీసుకో, పో. మల్లా ఈ గేటు తొక్కొద్దు. హేమా, తప్పు నీది కాదంట గదా, లోపలికి పో తల్లీ. బిరీన కలుపు. లారీ నిలబడింది."

హేమ గది గడపలోకి వచ్చింది. ముందు తిమ్మక్కను చూసింది. ఆ చూపులో క్షమ ఏమీ లేదు.

"అంతమంది ముందర నన్ను దొంగ అంటాంటే, నువ్వు నిలబడి కాయలు గీకుతాంటివి," అంది.

తిమ్మక్క మూలనున్న అన్నం సంచి తీసుకుని గేటు వైపు తిరిగింది.

"ఏం తల్లీ, ఇంగా నిలబడితివి? లోపలికి పో," నాగేశ్వరయ్య గొంతు పెంచాడు.

"పోను సామీ."

తిమ్మక్క ఆగిపోయింది.

"ఏమంటివి?"

"పోను. మాస్కు దెప్పియ్యండి. ఆ రేకు కోయించి కిటికీ పెట్టియ్యండి. వీల్లకు తాగేకి క్యాన్లు దెప్పియ్యండి. లేకుంటే ఈ పొద్దు ఈయమ్మ తాగె, రేపు ఇంగొకరు తాగుతారు. ఎవరు తాగినా నన్నే గదా దొంగ అంటారు."

హేమ మాట వెనక్కి తీసుకోలేదు. కుళ్ళాయప్ప మిషను మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. బెల్టు దగ్గర ఒక్కరూ కాయ ముట్టలేదు. నాగేశ్వరయ్య వాళ్ళందరినీ ఒకసారి, కాయల గుట్టను ఒకసారి చూసి, ఫోను చేతులు మార్చుకున్నాడు.

గేటు దగ్గర తిమ్మక్కకు మళ్ళీ భగ్గుమని మండింది. పోను! ఎంత చిన్న మాట. పదకొండేళ్ళలో తన నోటికి ఒక్కనాడూ రాలేదు. తుడిచే పని తీసేసినప్పుడు రాలేదు. కూలి పెంచనన్నప్పుడు రాలేదు. మోకాళ్ళు పట్టుకుని లేచినప్పుడల్లా దేవుణ్ణి తిట్టుకుంది తప్ప ఈయన ముందు ఆ మాట అనాలని తోచనే లేదు. నిన్నగాక మొన్న బస్సు దిగిన పిల్లకు మూడు నెలలకే ఎట్లా వచ్చింది? కుర్చీ పోతే పోయింది, ఆ మాట మొదట అనవలసింది తాను కదా అని కుళ్ళిపోయింది.

సంచి చంకలో పెట్టుకుని గిరుక్కున వెనక్కి తిరిగింది. బెల్టు దాటుకుని పోయి గది గడపలో హేమ పక్కన నిలబడింది. హేమ ఆమె తగలకుండా అర అడుగు పక్కకు జరిగింది. జరిగితే జరగనీ అనుకుంది తిమ్మక్క.

"నేనూ ఈడనుంచి కదల్ను," అంది, హేమ కంటే గట్టిగా.